చార్టు ముందా, వడ్డీ రేటు ముందా?

మీ ప్రశ్న సారాంశం ఇది: కరెన్సీ ట్రేడింగ్ కొత్తగా మొదలుపెట్టాలనుకుంటున్నారు. యూట్యూబ్‌లో ఒకాయన "అన్ని వార్తలూ ధరలోనే ఉంటాయి, క్యాండిల్స్ (చార్టులో ధర కదలికను చూపే కడ్డీలు) చదవడం వస్తే చాలు" అన్నారు. ఎకనమిక్స్ చదివిన మీ మిత్రుడేమో చార్టులన్నీ మూఢనమ్మకమని కొట్టిపారేశారు. ఫండమెంటల్ (ఆర్థిక కారణాలు చూసేది), టెక్నికల్ (ధరల చార్టు చూసేది) విశ్లేషణల్లో ఏది ముందు నేర్చుకోవాలి, కోర్సుకు డబ్బు కట్టాలా వద్దా అని అడిగారు. నేను చాలాకాలం ఒక బ్యాంకు ట్రెజరీలో డీలింగ్ డెస్క్ మీద పనిచేశాను. ఇప్పుడు ఎగుమతిదారులకు హెడ్జింగ్ (మారకపు రేటు మారి నష్టపోకుండా ముందే జాగ్రత్తపడటం) సలహాలు ఇస్తుంటాను. నా జవాబు సూటిగా చెప్పాలంటే, ముందు వడ్డీ రేట్లు, తర్వాత చార్టు. అయితే మీ మిత్రుడితో నేను ఏకీభవించను. యూట్యూబ్ ఆయనతో అసలే ఏకీభవించను.

మీరు అడగకపోయినా ఒక విషయం ముందే చెప్పాలి. మన దేశంలో డాలర్-రూపాయి ఫ్యూచర్స్ (రాబోయే తేదీకి ఇవాళే ధర ఖరారు చేసుకునే కాంట్రాక్టులు) 2008 ఆగస్టులో ఎన్‌ఎస్‌ఈలో మొదలయ్యాయి. చాలా ఏళ్లు ఎవరైనా వాటిలో కొనుగోళ్లు, అమ్మకాలు చేసేవారు. 2024 జనవరిలో ఆర్‌బీఐ ఇచ్చిన ఆదేశాలు ఆ ఏడాది మే 3న అమలులోకి వచ్చాక పరిస్థితి మారింది. రూపాయితో ముడిపడిన కాంట్రాక్టు తీసుకోవాలంటే మీకు నిజమైన విదేశీ మారక అవసరం ఉండాలి. అంటే రావాల్సిన డాలర్లైనా ఉండాలి, కట్టాల్సిన డాలర్లైనా ఉండాలి. 10 కోట్ల డాలర్ల దాకా పత్రాలు చూపించనక్కర్లేదు గానీ, అవసరం మాత్రం ఉండి తీరాలి. ఆ దెబ్బకు ఎక్స్ఛేంజీల్లో ఈ కాంట్రాక్టుల వ్యాపారం కుప్పకూలింది. ఇక ఫోనులో ప్రకటనలుగా వచ్చే విదేశీ యాప్‌లు, 500 రెట్లు లీవరేజ్ (మీ డబ్బుకు అన్ని రెట్ల ట్రేడ్ చేయనివ్వడం) ఇస్తామనేవి, వాటి జోలికి పోవద్దు. అక్కడ ట్రేడ్ చేయడం ఫెమా (విదేశీ మారక నిర్వహణ చట్టం) ఉల్లంఘన. విదేశాలకు వ్యక్తులు డబ్బు పంపుకొనే పథకం కింద కూడా మార్జిన్ (ట్రేడ్‌కు హామీగా బ్రోకర్ దగ్గర ఉంచే డబ్బు) కోసం పంపడానికి వీల్లేదు. అమెరికాలోనో బ్రిటన్‌లోనో ఉండి అక్కడి చట్టాల ప్రకారం ట్రేడ్ చేసే తెలుగువారికి ఈ ఇబ్బంది లేదు. కింద నేను చెప్పే మిగతా విషయాలన్నీ వారికీ వర్తిస్తాయి.

ఇక అసలు విషయం. షేర్లలో ఫండమెంటల్ అంటే కంపెనీ లాభనష్టాలు, అప్పులు, యాజమాన్యం. కరెన్సీకి బ్యాలెన్స్ షీటు లేదు. పైగా ఇక్కడ ఒక్క వస్తువు ధర ఉండదు, ఎప్పుడూ రెండు దేశాల మధ్య పోలికే. "రూపాయి పడింది" అని పత్రికలు రాసిన చాలా రోజుల్లో యూరో, యెన్, పౌండు కూడా పడి ఉంటాయి. 2022 అలాంటి సంవత్సరం. అమెరికా కేంద్ర బ్యాంకు ఫెడరల్ రిజర్వ్ (ఫెడ్) ఆ మార్చి నుంచి వడ్డీలు పెంచుకుంటూ పోయి 2023 జులై నాటికి 5.25-5.50 శాతానికి చేర్చింది. 2022 జులైలో యూరో సుమారు ఇరవై ఏళ్ల తర్వాత డాలర్‌కు సమానమైంది. ఆ ఏడాది మన ఆర్థిక వ్యవస్థలో లోపం ఏమిటని వెతికినవారు తప్పు చోట వెతికారు. కారణం వాషింగ్టన్‌లో ఉంది.

కాబట్టి కరెన్సీ ఫండమెంటల్స్‌లో జీడీపీ, వాణిజ్య లోటు, రాజకీయాలు, ముడిచమురు అన్నీ ఉన్నా, కొత్తవారు ముందు పట్టుకోవాల్సింది ఒక్కటే: రెండు దేశాల వడ్డీ రేట్ల తేడా. ఇవాళ ఉన్న తేడా కంటే, రాబోయే ఏడాదిలో ఆ తేడా ఎటు పోతుందని మార్కెట్ అనుకుంటున్నదో అది ముఖ్యం. దీన్ని అర్థం చేసుకోవడానికి జపాన్ ఉదాహరణను మించినది నాకు కనిపించలేదు.

2024 మార్చి 19న బ్యాంక్ ఆఫ్ జపాన్ 17 ఏళ్లలో మొదటిసారి వడ్డీ పెంచింది. మైనస్‌లో ఉన్న రేటును సున్నా పైకి తెచ్చింది. పాఠ్యపుస్తకం ప్రకారం యెన్ బలపడాలి. అదే రోజు యెన్ బలహీనపడి డాలర్‌కు 150 దాటింది. ఎందుకంటే పెంపు వస్తుందని జపాన్ పత్రికలు ముందే రాసేశాయి, కొనాల్సినవారు అప్పటికే కొనేశారు. పైగా ద్రవ్య విధానం ఇంకా సులభంగానే ఉంటుందని బ్యాంకు చెప్పింది. అమెరికాతో వడ్డీ తేడా 5 శాతం అలాగే ఉంది. యెన్‌లో చవకగా అప్పు తెచ్చి డాలర్లలో పెట్టేవారికి ఆపాల్సిన కారణమేదీ కనిపించలేదు. జులై మొదట్లో డాలర్ 162 యెన్‌ల దగ్గరికి వెళ్లింది.

అదే బ్యాంకు జులై 31న మళ్లీ పెంచింది, ఈసారి 0.25 శాతానికి. పెరిగింది పావు శాతం కూడా కాదు. కానీ అప్పటికి చుట్టూ ఉన్నదంతా మారిపోయింది. జులై 11న అమెరికా ద్రవ్యోల్బణం అంచనా కంటే తక్కువ వచ్చింది, జపాన్ ప్రభుత్వం ఆ రోజుల్లోనే డాలర్లు అమ్మి యెన్‌ను నిలబెట్టింది, అమెరికాలో వడ్డీ తగ్గింపు దగ్గరపడిందని మార్కెట్ నమ్మడం మొదలుపెట్టింది. ఆగస్టు 2న అమెరికా ఉద్యోగాల లెక్క వచ్చింది. 1,75,000 వస్తాయనుకుంటే 1,14,000 వచ్చాయి, నిరుద్యోగం 4.3 శాతానికి చేరింది. సోమవారం, ఆగస్టు 5న, యెన్ అప్పులు తీర్చడానికి ప్రపంచమంతా ఒకేసారి పరుగెత్తింది. జపాన్ షేర్ సూచీ నిక్కీ ఒక్క రోజులో 12.4 శాతం పడింది. డాలర్ 142 యెన్‌ల కిందికి దిగింది.

ఒకే బ్యాంకు, ఒకే రకం నిర్ణయం. మార్చిలో ఒక ఫలితం, జులైలో దానికి సరిగ్గా వ్యతిరేక ఫలితం. "వడ్డీ పెరిగితే కరెన్సీ పెరుగుతుంది" అన్న వాక్యాన్ని మాత్రమే బట్టీపట్టినవారు మార్చిలో నష్టపోతారు. ఆ అనుభవంతో ఇది పనిచేయదని తేల్చేసుకుంటే జులైలో మరీ ఎక్కువ నష్టపోతారు. చూడాల్సింది వచ్చిన అంకె ఎంత అని కాదు, మార్కెట్ ఎంత అనుకుంది, వచ్చింది ఎంత, ఇప్పటికే ఎవరు ఎటు కూర్చుని ఉన్నారు అని. ఈ మూడో ప్రశ్నకు చార్టు కొంత జవాబు చెబుతుంది. ఆ జులైలో డాలర్-యెన్ రేటు వారాలపాటు దిగుతూ వచ్చి, ఆగస్టు మొదలయ్యేసరికి 200 రోజుల సగటు కిందికి జారింది. ఎందుకో చార్టుకు తెలియదు. పైన కూర్చున్నవారు దిగిపోతున్నారని మాత్రం అది చూపింది.

ఫండమెంటల్స్ మీద నాకున్న గౌరవానికి ఒక హద్దు ఉంది. మీస్, రోగాఫ్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు 1983లో అప్పటి పేరున్న మారకపు రేటు నమూనాలన్నిటినీ పరీక్షించారు. ఏడాదిలోపు కాలానికి అవి "రేపటి రేటు ఇవాళ్టి రేటే" అన్న ఊహ కంటే మెరుగ్గా చెప్పలేకపోయాయి. ఆ తర్వాత నలభై ఏళ్ల పరిశోధన ఆ ఫలితాన్ని కొంత కదిలించింది గానీ పడగొట్టలేదు. యెన్ చవకగా ఉందని 2022లోనే ఎన్నో లెక్కలు చెప్పాయి. ఆ ఏడాది మొదట్లో 115 దగ్గరున్న రేటు అక్టోబర్‌లో 150 దాటింది, రెండేళ్ల తర్వాత 162కు చేరింది. చవక అని కొన్నవారి లెక్క ఎంత సరైనదైనా, మార్జిన్ ఖాతా అంతకాలం నిలవదు.

మీ మిత్రుడికి చెప్పాల్సిన మాట ఒకటుంది. చార్టులు పనిచేసే చోట పనిచేయడానికి మామూలు కారణాలున్నాయి. న్యూయార్క్ ఫెడ్‌లో పనిచేసిన క్యారల్ ఆస్లర్ అనే ఆర్థికవేత్త ఒక పెద్ద బ్యాంకు దగ్గరున్న ఖాతాదారుల ఆర్డర్లను పరిశీలించారు. లాభం తీసుకునే ఆర్డర్లు గుండ్రటి అంకెల దగ్గర గుంపుగా ఉన్నాయి, స్టాప్‌లాస్ ఆర్డర్లు (నష్టం ఒక హద్దు దాటగానే బయటపడటానికి ముందే పెట్టేవి) వాటిని కాస్త దాటాక గుంపుగా ఉన్నాయి. అందుకే రేటు అలాంటి అంకె దగ్గరికి వచ్చి తరచూ వెనుదిరుగుతుంది, ఒకసారి దాటితే మాత్రం వేగంగా సాగుతుంది. సపోర్ట్ (కిందికి పోకుండా ఆగే చోటు), రెసిస్టెన్స్ (పైకి పోకుండా ఆగే చోటు), బ్రేకవుట్ (వాటిని దాటిపోవడం) అని మనం పిలిచేవాటి వెనక ఉన్నది మనుషులు పెట్టిన ఆర్డర్లే. డీలర్లు కూడా దీన్ని పక్కన పెట్టలేదు. 1988లో లండన్ డీలర్ల మధ్య జరిగిన సర్వేలో గంటలు, రోజుల వ్యవధికి దాదాపు 90 శాతం మంది చార్టులకు ఎంతోకొంత విలువ ఇచ్చారు. వ్యవధి నెలలు, ఏళ్లకు పెరిగేకొద్దీ మొగ్గు ఫండమెంటల్స్ వైపు మళ్లింది. నేను డెస్క్ మీద చూసింది కూడా ఇదే.

టెక్నికల్‌లో కొత్తవారు పడే గుంత వేరే. ఆర్‌ఎస్‌ఐ, మ్యాక్‌డీ, స్టొకాస్టిక్, బోలింజర్, మూవింగ్ యావరేజ్ అనే ఇండికేటర్లు (పాత ధరల నుంచి కట్టే సూచికలు) ఐదూ తెర మీద పెట్టి, ఐదూ "కొను" అంటున్నాయి కాబట్టి కొంటారు. ఐదూ ఒకే ధర నుంచి లెక్కకట్టినవి. ఒకే సాక్షి ఐదు చొక్కాలు మార్చుకుని వచ్చి సాక్ష్యం చెప్పినట్టు. మరొకటి వాల్యూమ్, అంటే ఎంత వ్యాపారం జరిగిందన్న లెక్క. షేర్లకు ఎక్స్ఛేంజీ ఉంది కాబట్టి వాల్యూమ్ నిజమైన అంకె. ప్రపంచ కరెన్సీ మార్కెట్‌లో రోజుకు 9.6 ట్రిలియన్ డాలర్ల లావాదేవీలు జరుగుతాయని 2025 ఏప్రిల్ సర్వేలో కేంద్ర బ్యాంకుల ఉమ్మడి సంస్థ బీఐఎస్ లెక్కతేల్చింది. అందులో అత్యధిక భాగం బ్యాంకులు, సంస్థల మధ్య నేరుగా జరిగేదే. మీ యాప్‌లో యూరో-డాలర్ కింద కనిపించే వాల్యూమ్ కడ్డీలు ఆ బ్రోకర్ దగ్గర ధర ఎన్నిసార్లు మారిందో చెబుతాయి, అంతే. షేర్ల కోసం తయారైన వాల్యూమ్ సూత్రాలను వాటి మీద వాడకండి.

రూపాయి విషయానికి వస్తే చార్టుకు మరికొన్ని చిక్కులున్నాయి. వీటిని తెలుగులో ఎవరూ వివరంగా చెప్పడం నేను చూడలేదు కాబట్టి కాస్త ఎక్కువే రాస్తాను.

మొదటిది ఆర్‌బీఐ. 2023 సెప్టెంబర్ నుంచి ఏడాదిపాటు డాలర్ దాదాపు 82.60, 84 రూపాయల మధ్యే తిరిగింది. అంత సన్నటి గీతలో కదిలిన చార్టు చూసి బోలింజర్ పట్టీలు (ధర చుట్టూ దాని ఊగిసలాటను బట్టి గీసే గీతలు) ముడుచుకున్నాయి, పెద్ద కదలిక ఖాయం అని చెప్పినవారు నెలల తరబడి చెబుతూనే ఉన్నారు. ధరను పట్టి ఉంచింది ఆర్‌బీఐ కొనుగోళ్లు, అమ్మకాలు. అంతర్జాతీయ ద్రవ్య నిధి కూడా 2022 డిసెంబర్ నుంచి 2023 అక్టోబర్ వరకు మన విధానాన్ని "స్థిరీకరించిన ఏర్పాటు" కింద వర్గీకరించింది. ఆర్‌బీఐ దానితో ఏకీభవించలేదు. అలాంటి మార్కెట్‌లో ధర చరిత్ర మీకు చెప్పేది ఒక్క కొనుగోలుదారుడి ఓపిక గురించి. ఆ ఓపిక ఎప్పుడు మారుతుందో గత ధరల్లో రాసి ఉండదు. 2024 అక్టోబర్‌లో 84 దాటింది, 2025 ఫిబ్రవరి నాటికి 87 కూడా దాటింది. ఏడాది ప్రశాంతత చూసి ఆప్షన్లు (ప్రీమియం తీసుకుని, రేటు బాగా కదిలితే నష్టం భరిస్తామని ఒప్పుకునే కాంట్రాక్టులు) అమ్మడం నెలసరి ఆదాయమనుకున్నవారికి ఆ నాలుగు నెలలు ఎలా గడిచి ఉంటాయో ఊహించుకోవచ్చు. ఇలాంటి కరెన్సీ జోడీలో ప్రతి శుక్రవారం ఆర్‌బీఐ విడుదల చేసే విదేశీ మారక నిల్వల లెక్క చదవడం ఏ ఇండికేటర్ కన్నా ఎక్కువ పనికొస్తుంది.

రెండోది సమయం. ఎక్స్ఛేంజీలో రూపాయి కాంట్రాక్టులు ఉదయం 9 నుంచి సాయంత్రం 5 వరకే. అమెరికా ద్రవ్యోల్బణం, ఉద్యోగాల లెక్కలు మన సమయం ప్రకారం వేసవిలో సాయంత్రం 6కు, చలికాలంలో 7కు వస్తాయి. ఫెడ్ నిర్ణయం రాత్రి 11.30కు, చలికాలంలో అర్ధరాత్రి దాటాక 12.30కు. అంటే డాలర్‌ను కుదిపే పెద్ద వార్తలు మన మార్కెట్ మూతపడ్డాక వస్తాయి. సింగపూర్, లండన్‌లలోని ఎన్‌డీఎఫ్ మార్కెట్ (రూపాయిలు చేతులు మారకుండా తేడాను డాలర్లలో తీర్చుకునే విదేశీ మార్కెట్) వెంటనే స్పందిస్తుంది. మీ దగ్గర మర్నాడు ఉదయం 9 గంటలకు ధర ఎగిరి మొదలవుతుంది. 25 పైసల దూరంలో పెట్టిన స్టాప్‌లాస్ 50 పైసల దగ్గర అమలైతే అది బ్రోకర్ మోసం కాదు, మధ్యలో ధరే లేదు. చార్టు చూసి మాత్రమే ట్రేడ్ చేస్తానన్నవారికి కూడా కనీసం క్యాలెండర్ చూడక తప్పని కారణం ఇదే.

మూడోది ప్రీమియం. మన వడ్డీలు అమెరికా వడ్డీల కన్నా ఎక్కువ కాబట్టి ఫ్యూచర్స్ ధర స్పాట్ (ఇప్పటికిప్పుడు కొనే రేటు) కన్నా పైన ఉంటుంది, ఆ తేడాయే ప్రీమియం. వడ్డీల తేడా 2 శాతం అనుకుంటే, 88 రూపాయల డాలర్ మీద నెలకు 15 పైసల దాకా. ఎక్స్‌పైరీ (కాంట్రాక్టు ముగిసే రోజు) నాటికి ఆ ప్రీమియం కరిగిపోయి ఫ్యూచర్స్ ధర స్పాట్‌కు వచ్చి కలుస్తుంది. డాలర్ ఎక్కడి ధర అక్కడే ఉన్నా కొని కూర్చున్నవారు నెలకు ఆ 15 పైసలు కోల్పోతారు. నెలలన్నిటినీ అతికించి చూపే ఫ్యూచర్స్ చార్టులో అయితే, ఒక నెల కాంట్రాక్టు ముగిసి మరోటి మొదలైన చోట గంతు కనబడుతుంది. దాన్ని బ్రేకవుట్ అనుకుని కొనేవారున్నారు. చార్టు చూడాలంటే స్పాట్ రేటు చార్టు చూడండి.

రెండు విశ్లేషణలూ ఒకేసారి ఓడిన రోజు కూడా ఒకటుంది. స్విట్జర్లాండ్ కేంద్ర బ్యాంకు 2011 సెప్టెంబర్ నుంచి యూరో విలువను 1.20 ఫ్రాంకుల కిందికి పోనివ్వనని గట్టిగా ప్రకటించి నిలబెట్టింది. 2015 జనవరి 15న ఆ హామీని ముందస్తు హెచ్చరిక లేకుండా ఎత్తేసింది. నిమిషాల్లో యూరో ఒక ఫ్రాంకు కన్నా కిందికి పడిపోయింది. అంతకు కొద్ది రోజుల ముందే ఆ బ్యాంకు ఉపాధ్యక్షుడు ఈ హామీ మా విధానానికి మూలస్తంభం అన్నారు కాబట్టి ఫండమెంటల్ చదివినవారు నిశ్చింతగా ఉన్నారు. మూడేళ్లకు పైగా చెక్కుచెదరని సపోర్ట్ చూసినవారూ అంతే. స్టాప్‌లాస్‌లు చెప్పిన ధరకు అమలు కాలేదు, ఖాతాదారులు పెట్టిన డబ్బు పోయి పైన బాకీ పడ్డారు. ఆల్పారీ అనే కరెన్సీ బ్రోకర్ బ్రిటన్ సంస్థ దివాలా తీసింది. ఆ రోజు బయటపడింది తక్కువ లీవరేజ్‌తో ఉన్నవారు.

అందుకే చార్టుకు నేను ఇచ్చే అసలు ఉద్యోగం ధర ఎటు పోతుందో చెప్పడం కాదు. నా అంచనా తప్పని ఎక్కడ ఒప్పుకోవాలో, దాన్నిబట్టి ఎంత పెట్టాలో చెప్పడం. లెక్క చూపడానికి డాలర్-రూపాయినే తీసుకుంటాను, మొదట చెప్పిన అవసరం షరతు మాత్రం అలాగే ఉంటుంది. ఒక లాట్ అంటే 1,000 డాలర్లు. ఒక పైసా కదిలితే 10 రూపాయలు. మీ దగ్గర లక్ష రూపాయలుండి, ఒక ట్రేడ్‌లో 1 శాతం, అంటే 1,000 రూపాయలు, పోయినా ఫర్వాలేదనుకుంటే, 25 పైసల స్టాప్‌లాస్‌తో నాలుగు లాట్లు తీసుకోవచ్చని లెక్క వస్తుంది. రాత్రిపూట గంతు పడే అవకాశం ఉన్న రోజైతే రెండే. ఆ 25 పైసలు గాలిలోంచి తీసుకునే అంకె కాదు. గత రెండు మూడు వారాల్లో రోజుకు సగటున ఎంత కదులుతోందో ఏటీఆర్ అనే ఇండికేటర్ చూపిస్తుంది. స్టాప్‌లాస్ దానికన్నా దగ్గరగా పెడితే మామూలు కదలికకే బయటికి విసిరేస్తుంది. బ్రోకర్ మార్జిన్ ప్రకారం ఇంకా ఎన్నో లాట్లు తీసుకోవచ్చని తెర మీద కనబడుతుంది. ఆ అంకె బ్రోకర్ తనను తాను కాపాడుకోవడానికి కట్టిన లెక్క. లీవరేజ్‌ను ప్రధాన జోడీలకు 30 రెట్లకు పరిమితం చేసిన యూరప్ నియంత్రణ సంస్థ, 2018లో ఆ నిర్ణయానికి కారణంగా, సీఎఫ్‌డీ (అసలు వస్తువు కొనకుండా ధర తేడా మీదే చేసే ట్రేడ్) ఖాతాల్లో 74 నుంచి 89 శాతం నష్టపోతున్నాయని చూపింది.

మీకు నిజంగానే డాలర్ అవసరం ఉంటే ప్రశ్న మరోలా ఉంటుంది. అమెరికాలో చదివే అమ్మాయి ఫీజు ఆగస్టులో కట్టాల్సిన తండ్రికీ, భీమవరం నుంచి రొయ్యలు పంపే వ్యాపారికీ కావాల్సింది లాభం కాదు, రేటు తెలిసి ఉండటం. ఎగుమతిదారులు చార్టు చూసి "88 దాటితే 90 పోతుంది, అప్పుడు అమ్ముదాం" అని ఆగడం నేను తరచూ చూస్తాను. అది వ్యాపారంలో వచ్చిన లాభాన్ని పందెంలో పెట్టడమే. రావాల్సినదాన్ని మూడు నాలుగు భాగాలు చేసి వేర్వేరు నెలల్లో అమ్ముకోమంటాను. అన్నీ ఒకేసారి అమ్మేయడంలోనూ ప్రమాదముంది. 2025 ఆగస్టు 27 నుంచి అమెరికా భారతీయ సరుకుల మీద సుంకాన్ని 50 శాతానికి పెంచినప్పుడు ఆర్డర్లే అనుమానంలో పడ్డాయి. రాని డాలర్లను ముందే అమ్ముకున్నవారికి హెడ్జింగ్ కాస్తా పందెం అయింది. దీన్ని ఏ చార్టూ చెప్పలేదు.

నేర్చుకునే పద్ధతి చెబుతాను. ఒక్క జోడీ ఎంచుకోండి. నెలకు మూడు సంఘటనలు చాలు: అమెరికా ద్రవ్యోల్బణం, అమెరికా ఉద్యోగాలు, ఆ నెల ఉంటే ఏదైనా ఒక కేంద్ర బ్యాంకు నిర్ణయం. అంకె రాకముందే నోటు పుస్తకంలో మార్కెట్ అంచనా ఎంత, అంతకన్నా ఎక్కువొస్తే ధర ఎటు పోవాలి, దగ్గరలో ఉన్న పాత గరిష్ఠం, కనిష్ఠం ఎక్కడ అని రాయండి. డబ్బు పెట్టకండి. అంకె వచ్చాక, మర్నాడు రోజు క్యాండిల్ ముగిశాక ఏం జరిగిందో పక్కనే రాయండి. డాలర్‌కు అనుకూలమైన అంకె వచ్చినా డాలర్ పాత గరిష్ఠాన్ని దాటలేక వెనక్కి వస్తే, కొనాల్సినవారు అయిపోయారని అర్థం. ఫండమెంటల్, టెక్నికల్ కలిసేది ఇక్కడే. ఐదు నిమిషాల చార్టులు ఈ దశలో తెరవకండి. రోజు, వారం చార్టులు, వాటి మీద ఒక సగటు గీత, ఒక ఏటీఆర్ చాలు. ఆరు నెలలు ఇలా రాస్తే, మీ ఊహ ఎక్కువగా ఎక్కడ తప్పుతున్నదో మీ చేతిరాతలోనే కనబడుతుంది.

కోర్సు గురించి. ఫెడ్, ఆర్‌బీఐ ప్రకటనలు ఉచితం, చార్టులు ఉచితం, క్యాలెండర్ ఉచితం. అయినా కట్టాలనిపిస్తే, చెప్పే ఆయన్ను గత ఏడాది మొత్తం కాంట్రాక్ట్ నోట్లు (ప్రతి ట్రేడ్‌కు బ్రోకర్ ఇచ్చే రసీదులు) చూపించమనండి. లాభాల స్క్రీన్‌షాట్లు కాదు, నోట్లు. ఆయన తన లింకు ద్వారా ఏదైనా యాప్‌లో ఖాతా తెరవమంటే, ఆర్‌బీఐ 2022 సెప్టెంబర్ నుంచి వెలువరిస్తున్న అనధికార ఫారెక్స్ వేదికల అలర్ట్ లిస్టులో ఆ పేరు వెతకండి. లిస్టులో లేనంత మాత్రాన అనుమతి ఉన్నట్టు కాదని ఆర్‌బీఐయే చెప్పింది. అనుమతి ఉన్న డీలర్ల, వేదికల జాబితాలు కూడా దాని వెబ్‌సైట్‌లోనే ఉన్నాయి, పేరు వాటిలో కనిపించాలి.